సీసా పగిలిన రోజు కథ

మా బావ చొక్కా కాలరుకి మైకు తగిలించడానికి ఆయన ముందు నిలబడ్డాను. ఆ మెడ నా వేళ్లకు ఇంత దగ్గరగా రావాలని మూడేళ్లుగా ఎదురుచూశాను. తీరా వచ్చాక నేను చేయాల్సింది పిసకడం కాదు, వినడం.

"ఏం చెవుల పిల్లా, గిలిగింతలు పెడుతున్నావ్," అన్నాడు బావ.

చిన్నప్పుడు పక్కింట్లో చెంచా పడినా నాకు వినపడేదని ఆ పేరు పెట్టింది ఆయనే. ఆ చెవులతోనే ఇప్పుడు బతుకుతున్నాను. టీవీ కార్యక్రమాలకి సౌండ్ రికార్డు చేయడం నా పని.

"కదలకు బావా. వైరు కనపడితే డైరెక్టర్ నన్ను తిడతాడు."

"నిన్ను తిట్టే మొనగాడు ఇంకా పుట్టలేదులే."

మేకప్ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. మూడేళ్లలో నేను బాగా నేర్చుకున్న పని అదే.

"ఒక మాట ముందే చెప్తున్నా, తర్వాత చెప్పలేదనకు. ఈ మైకు తీసేదాకా నువ్వేం మాట్లాడినా నా చెవిలో పడుతుంది, రికార్డవుతుంది. బాత్రూమ్‌కి వెళ్లినా సరే."

"నీ చెవిలో పడితే నాకేం భయమే? ఇంటి పిల్లవి."

బావంటే మా మేనత్త కొడుకు. టీవీ చూసేవాళ్లకి కీష్ మహారాజు. గుడ్లు, పాలు, మీగడ గిలక్కొట్టి, వెన్న కలిపిన పిండితో చేసిన వెడల్పాటి గిన్నెలో పోసి కాలిస్తే అది కీష్. చేతులు కట్టుకుని నవ్వుతున్న బావ బొమ్మతో కీష్ దుకాణాల బోర్డులు ఊరి నిండా ఉన్నాయి. ఆ బోర్డుల వెనకున్న చెయ్యి మాత్రం మా అన్నయ్యది. అన్నయ్య జైల్లో ఉన్నాడు.

వాళ్లిద్దరూ కలిసి పెట్టిన వంటిల్లు అది. అన్నయ్య వండేవాడు, బావ అమ్మేవాడు. కీష్ చేయడంలో ఒక తిరకాసు ఉంది. పిండి గిన్నెని ముందు ఖాళీగా కాల్చాలి. ఊరికే వదిలేస్తే అడుగు బుడగలా పొంగిపోతుంది. అందుకని పైన కాగితం పరిచి, బరువుకి ఎండు చిక్కుడు గింజలు పోస్తారు. పదేపదే కాల్చిన ఆ గింజలు ఇంక తినడానికి పనికిరావు కాబట్టి, గాజు సీసాలో పోసి ఆ ఒక్క పనికే దాచుకుంటారు. గిన్నెలు కాలేంతసేపు వంటవాడికి చేతిలో పనుండదు. అన్నయ్యకి చేతులు ఖాళీ అయితే నోరు ఊరుకోదు. సరిగ్గా ఆ సమయానికి నాకు ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, కీష్ అన్న మాట ఎలా పుట్టిందో ఒక అబద్ధం చెప్పేవాడు. రోజుకొక అబద్ధం. ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పకూడదు. అది తన పంతం.

ఒకరోజు కీష్ అనేది చెవిటి రాణిగారి పెంపుడు పిల్లి పేరు. ఇంకోరోజు అది పళ్లూడిన న్యాయమూర్తి 'కేసు' అనబోతే వచ్చిన మాట. మరో రోజు ఇద్దరు తోడికోడళ్లు మాటలు మానేసి సైగలతో వంట చేస్తుంటే పుట్టిన శబ్దం.

"నిజం చెప్పొచ్చుగా అన్నయ్యా?" అన్నానొకసారి.

"నిజం ఒక్కటే ఉంటుందే తల్లీ. జర్మన్ వాళ్లు కేకుని కూఖెన్ అంటారు. సరిహద్దులో లొరేన్ అని ఒక ప్రాంతం ఉంది. అక్కడివాళ్ల నోళ్లలో నలిగి నలిగి ఆ మాట ఫ్రెంచిలో కీష్ అయి కూర్చుంది. అంతే, అయిపోయింది. గిన్నెలు ఇంకా తెల్లగానే ఉన్నాయి చూడు. మిగతా టైమంతా ఏం చెయ్యమంటావ్, ఓవెన్ ముందు భజన చెయ్యనా?"

ఆ చివరి రోజు అన్నయ్యకి జలుబు. పెద్ద విందుకి ఆర్డర్ ఉందని పనివాళ్లని నేరుగా హాలుకి రమ్మని, తనొక్కడే పొద్దున్నే వెళ్లి పని మొదలుపెట్టాడు. నాకు ఫోన్ వచ్చేసరికి వెనక బావ నవ్వు వినపడుతోంది. "మీ బావ మోచెయ్యి తగిలి గింజల సీసా పగిలిందే. గింజల్లో గాజు ముక్కలు కలిసిపోతే మొత్తం పారబోశా. గిన్నెల్లో బరువుకి చెంచాలు పెట్టా," అని తుమ్మాడు అన్నయ్య. ఆ పూట కథలోకి చెంచాలు వచ్చాయి. జలుబు కూడా వచ్చింది.

కథ అయ్యాక కీష్‌లు కాల్చి, పెరట్లో ఉన్న కోల్డ్ రూమ్‌లో పెట్టి, అన్నయ్య విందు జరిగే హాలుకి వెళ్లిపోయాడు. తర్వాత అన్నయ్యా నేనూ ముక్కా ముక్కా కలుపుకుంటే తేలింది ఇది: బావ అక్కడే ఉండి కంపెనీ ప్రచారం కోసం తన ఫోన్లో ఒక వీడియో తీసుకున్నాడు. వీడియోలో కోల్డ్ రూమ్ కంప్రెసర్ గుంయ్‌మంటోందని స్విచ్ ఆపాడు. మళ్లీ వెయ్యడం మర్చిపోయాడు. అక్కడి నుంచి కారెక్కి పక్క ఊళ్లో ఉన్న అత్తయ్య దగ్గరికి వెళ్లాడు. సాయంత్రం వ్యాన్ డ్రైవర్ పెట్టెలు ఎత్తి హాలుకి చేర్చాడు. అన్నయ్య వేడి చేసి వడ్డించాడు. తిన్నవాళ్లు తిన్నట్టే ఆసుపత్రిలో పడ్డారు. ఒక పెద్దాయన ప్రాణం పోయింది.

అన్నయ్యని హాలు నుంచే తీసుకెళ్లారు. వంటింటికి సీలు వేశారు. నాలిక మడతేసిన బావ అసలు ఆ రోజు ఊళ్లోనే లేనన్నాడు. "నా కొడుకు ముందురోజు రాత్రి నుంచీ నా దగ్గరే ఉన్నాడు," అని అత్తయ్య ప్రమాణం చేసి మరీ చెప్పింది. బావ నవ్వు ఫోన్లో విన్నానని నేను కోర్టులో చెప్పాను. చెంచాల కథ కూడా, జలుబుతో సహా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ప్రభుత్వ వకీలు కళ్లజోడు తీసి, "ఇది న్యాయస్థానమా, పిల్లల్ని నిద్రపుచ్చే గదా?" అన్నాడు. హాలంతా నవ్వింది. అయినా అక్కడి టైపిస్టు ప్రతి మాటా టైపు చేసింది. సాక్షుల్ని వాళ్ల వంతు వచ్చేదాకా లోపలికి రానివ్వరు కదా, బావ ఆ టైములో బయట బెంచీ మీద కూర్చున్నాడు. నేనేం చెప్పానో ఆయనకి తెలియదు. తర్వాత తెలుసుకోవాలనీ అనుకోలేదు.

సింకులో నల్లబడ్డ చెంచాల గుట్ట ఫోటో కూడా కేసులో ఉంది. వంటగది ఎంత అసహ్యంగా ఉందో చూపించడానికి పెట్టారు దాన్ని.

కోల్డ్ రూమ్ ఆపి మర్చిపోయింది తనే అని తేల్చి, అన్నయ్యకి అయిదేళ్ల శిక్ష వేశారు.

నేను అరవలేదు. ఆర్నెల్లు ముఖం చాటేసి, తర్వాత అత్తయ్య ఇంటికి వెళ్లి కాళ్లకి దండం పెట్టాను. "తప్పు అన్నయ్యదే అత్తయ్యా, నాకు మీరు తప్ప ఎవరున్నారు," అన్నాను. ఆవిడ ఏడ్చి దగ్గరికి తీసుకుంది. బావ పుట్టినరోజులకి కేకులు కోశాను. ఆయన పిల్లల్ని ఎత్తుకున్నాను. ఆయన ఏ టీవీ వాళ్లతో మాట్లాడుతున్నాడో, ఏ స్టూడియోకి వస్తున్నాడో కనిపెట్టుకుని ఉన్నాను. ఈ కార్యక్రమం పేరు వినగానే ఆ పని నాకే కావాలని అడిగి తీసుకున్నాను.

మా వకీలమ్మ ఒక్కటే చెప్పింది. "కొత్త ఆధారం లేకుండా కేసు మళ్లీ తెరవరమ్మా. ఆయన ఆ పొద్దున అక్కడ ఉన్నాడని ఆయన నోటి నుంచే రావాలి. నువ్వు ఒక్క ముక్క అందించినా పనికిరాదు."

అందించకూడదు. చెంచా అన్న మాట నా నోట రాకూడదు.

* * *

సెట్టు మీద వంటగది నిజం వంటగదిలాగే ఉంది. ఓవెన్, సింకు, పెద్ద ఫ్రిజ్. రిహార్సల్‌కి ముందు నేను ఫ్రిజ్ ప్లగ్గు పీకి, నా స్కూటర్ తాళాలు అందులో, పాల డబ్బా పక్కన పెట్టాను.

"అదేంటే, తాళాలకి ఎండ తగిలిందా?" అన్నాడు బావ.

"మైకుల్లో ఫ్రిజ్ మోత వినపడుతుంది బావా. అందుకని ఆపేస్తాం. షూటింగ్ అయ్యాక మళ్లీ వెయ్యడం మర్చిపోతే లోపలున్నవన్నీ పాడవుతాయి కదా. తాళాలు అందులో ఉంటే ఇంటికెళ్లేటప్పుడు ఫ్రిజ్ తెరవక తప్పదు. మా పనిలో అందరూ చేసేదే."

బావ నవ్వు ఒక్క క్షణం ఆగింది. హెడ్‌ఫోన్స్‌లో ఆయన గుటక వినపడింది. తొందరపడ్డానా? ఇప్పుడీయన జాగ్రత్త పడిపోతే మూడేళ్ల నవ్వులూ మట్టిపాలే.

"మంచి చిట్కా," అని అటు తిరిగాడు.

రిహార్సల్లో యాంకరమ్మ అడిగింది, "సార్, అసలు కీష్ అంటే ఏంటి? ఆ మాట ఎక్కడిది?"

బావ గొంతు సవరించుకున్నాడు. "కీష్ అంటే కేకు అండీ. జర్మన్‌లో కూఖెన్ అన్నదే ఫ్రెంచిలో కీష్ అయింది. లొరేన్ ప్రాంతం దీని పుట్టిల్లు. మొదట్లో రొట్టె పిండితోనే చేసేవాళ్లు, వెన్న పిండి తర్వాత వచ్చింది."

అంతా నిజం. శుభ్రంగా బట్టీపట్టి వచ్చాడు. షూటింగ్‌లోనూ ఇదే చెప్తాడు. చప్పట్లు కొడతారు. అన్నయ్య ఇంకా రెండేళ్లు లోపలే ఉంటాడు.

"బావుంది సార్," అన్నాడు డైరెక్టర్, "కానీ గిన్నెలు కాలేటప్పుడు కొంచెం సేపు టైం నింపాలి. ఏదైనా కబుర్లు చెప్పండి."

"చూద్దాం లెండి, నోటికొచ్చిందేదో చెప్తా."

నోటికి ఏదొస్తుంది? నేను బల్ల వైపు చూశాను. పిండి గిన్నెలు, కాగితం, గింజలు నింపిన గాజు సీసా. సెట్టు సామాన్లు చూసే అక్క దగ్గరికెళ్లి, బల్ల మీద వస్తువులు ఎక్కువైతే మైకులో గలగలలు వస్తున్నాయని చెప్పాను. ఉప్పు డబ్బా, బియ్యం డబ్బా తీయించాను. చెంచాలు నిలబెట్టిన డబ్బా మాత్రం ఉండనిచ్చాను.

షూటింగ్ మొదలైంది. బావ పిండి వత్తాడు, అచ్చులో పరిచాడు, కాగితం వేశాడు. "ఇప్పుడు దీని మీద బరువు కావాలి," అన్నాడు.

నా చేతిలో పొడుగాటి మైకు కర్ర ఉంది. దాన్ని పక్కకి తిప్పాను. సీసా అంచుకి తగిలింది. సీసా నేలమీద పడి భళ్లున పగిలింది.

"కట్! కట్! ఏమ్మా, కళ్లు నెత్తికెక్కాయా?" డైరెక్టర్ అరిచాడు. "పదేళ్లుగా పని చేస్తున్నావ్, కర్ర పట్టుకోవడం చేతకాదా?"

"సారీ సార్. చెయ్యి జారింది."

"ఊరుకోండి సార్, మా మరదలు పిల్ల," అన్నాడు బావ ఉదారంగా. వంగి నేలమీద గింజలు చూశాడు. "గాజు కలిసిపోయింది. ఇవి ఇంక వాడకూడదు."

"వేరే గింజలు ఉన్నాయా?" డైరెక్టర్ అడిగాడు. లేవంది సామాన్ల అక్క. ఊరికే నిలబడిపోయాం అందరం. నేను హెడ్‌ఫోన్స్ ఒక చేత్తో చెవికి నొక్కిపెట్టుకున్నాను. మనిషి ఆలోచించేటప్పుడు పెదాలు చప్పరిస్తాడు. బావ చప్పరించాడు. ఆయన చెయ్యి బల్ల మీద వెతుకుతూ వెళ్లి చెంచాల డబ్బా మీద ఆగింది.

"పర్లేదు సార్, ఆపకండి," అన్నాడు. "గింజలు లేకపోతే వంట ఆగిపోతుందా? చెంచాలున్నాయిగా! కెమెరా తిప్పండి, ఇదే బావుంటుంది."

చెంచాలు గలగలమంటూ గిన్నెలో పడ్డాయి. గిన్నె ఓవెన్‌లోకి వెళ్లింది. బావ చేతులు దులుపుకుని బల్లకి ఆనుకున్నాడు. నుదురు ముడిచాడు. ఏదో గుర్తొచ్చి మూతి మీదకి నవ్వొచ్చింది.

చేతులు చేసిన పని నోటికి గుర్తొస్తోంది.

"చెంచాలంటే గుర్తొచ్చింది," అన్నాడు యాంకరమ్మతో. "కీష్ అన్న పేరు వెనక ఇంకో కథ ఉంది. పుస్తకాల్లో దొరకదు. మా ఇంట్లో చెప్పుకునేది."

"చెప్పండి సార్, చెప్పండి!"

"ఒక రాజు చచ్చిపోయాడు. కొడుక్కి తండ్రి విగ్రహం పోయించాలని పిచ్చి. లోహం చాలలేదు. ఊళ్లో ఉన్న చెంచాలన్నీ అప్పగించమని చాటింపు వేయించాడు. ఒక వంటవాడికి తన చెంచాలంటే ప్రాణం. ఏం చేశాడు? పిండి గిన్నెల్లో దాచి ఓవెన్‌లో పెట్టేశాడు. సేనాపతి సోదాకి వచ్చాడు. పాపం, ఆయనకి జలుబు."

కర్ర కదలకుండా పట్టుకున్నాను.

"జలుబు చేసిన సేనాపతి," బావ ముక్కు గట్టిగా పట్టుకుని గొంతు మార్చాడు. "'ఏబిట్రా లోపల?' 'పిండి గిన్నెలు దొరా, ఖాళీవి. చెయ్యి పెడితే కాలుతుంది.' సేనాపతి తుమ్మి వెళ్లిపోయాడు. వంటవాడు గబగబా చెంచాలు తీసి నీళ్ల తొట్టిలో పడేశాడు. కీష్‌ష్ మంది! సేనాపతి పరిగెత్తుకొచ్చాడు. 'ఏబిటా చప్పుడు?' వంటవాడు ఖాళీ గిన్నె చూపించి, 'ఇదే దొరా. దీని పేరే కీష్!'"

యాంకరమ్మ పడీపడీ నవ్వింది. కెమెరామన్ నవ్వాడు. డైరెక్టర్ బొటనవేలు చూపించాడు. గిన్నె కాలాక బావ ఆ చెంచాల్ని పట్టకారుతో తీసి సింకు నీళ్లలో వేశాడు. నేను కర్ర ముందుకి చాచాను. కీష్‌ష్.

అంత శుభ్రమైన శబ్దం నా జీవితంలో రికార్డు చేయలేదు.

* * *

ప్యాకప్ అన్నారు. లైట్లు ఆరిపోతున్నాయి. మైకు తీయడానికి బావ దగ్గరికి వెళ్లాను. తీయలేదు. కాలరు సవరిస్తున్నట్టు నిలబడ్డాను.

"అదరగొట్టావ్ బావా. ఆ రాజు కథ ఎక్కడిది? భలే ఉంది."

"ఇంకెక్కడిది, మీ అన్నయ్య పిచ్చి కథల్లోదే. వంట మానేసి కథలు రాసుకుని ఉంటే ఇప్పుడు హాయిగా ఉండేవాడు."

"ఇది నేనెప్పుడూ వినలేదే."

"వినలేదా? నీకు మతిమరుపా? ఫోన్లో ఉన్నావుగా నువ్వు! నా మోచెయ్యి తగిలి సీసా పగిలిన రోజు..."

ఆగిపోయాడు.

ఒక్క అడుగు వెనక్కి వేశాను. బావ చూపు నా ముఖం మీంచి, నా హెడ్‌ఫోన్స్ మీంచి, నా నడుముకి వేలాడుతున్న యంత్రం మీద ఎర్రగా వెలుగుతున్న దీపం దాకా దిగింది. చెయ్యి కాలరు మీదకి వెళ్లింది.

"తీసెయ్," అన్నాడు నెమ్మదిగా.

"తీస్తాను బావా. ముందే చెప్పాగా, తీసేదాకా పడుతుందని."

"నేను ఊరికే అన్నాను. అది వేరే రోజు. సీసాలు వంటింట్లో రోజూ పగులుతాయి."

"పగులుతాయి. చెంచాలు మాత్రం ఒక్కరోజే పెట్టాడు అన్నయ్య. ఆ చెంచాల ఫోటో కోర్టులో ఉంది. జలుబు చేసిన సేనాపతి కూడా కోర్టులోనే ఉన్నాడు, నేనే చెప్పాను. నువ్వు బయట బెంచీ మీద కూర్చున్నావ్ కదా, నీకెలా తెలుస్తుంది?"

ఆయన నోరు తెరిచాడు. మైకు గుర్తొచ్చి మూసుకున్నాడు.

నేను వెళ్లి ఫ్రిజ్ ప్లగ్గు పెట్టాను. గుంయ్‌మని లేచింది. తలుపు తీసి నా తాళాలు తీసుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"చూశావా బావా," అన్నాను, "ఎంత తేలికో."

* * *

వకీలమ్మ రికార్డింగు రెండుసార్లు విని కుర్చీలో వెనక్కి వాలింది. "చాలా బావుంది. కానీ ఆయన ఏమంటాడో తెలుసా? అన్నీ మీ అన్నయ్య ముందే చెప్పాడనీ, నువ్వు ఇరికించావనీ. మీ అత్తయ్య ప్రమాణం ఉన్నంతకాలం ఆయన పక్క ఊళ్లో ఉన్నట్టే లెక్క."

ఆ ప్రమాణాన్ని వెతుక్కుంటూ నేను వెళ్లక్కర్లేకపోయింది. వకీలమ్మ వేసిన అర్జీ మీద కోర్టు నుంచి కబురు అందగానే అత్తయ్యే మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా వంటగదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఏమే, పాముకి పాలు పోశానా నేను? మూడేళ్లు నా ఇంట్లో తిని, నా కొడుకు మెడకే ఉరి బిగిస్తావా?"

"టీ పెట్టమంటారా అత్తయ్యా?"

"నీ టీ తగలెయ్య! వాడు నీ బావే. మీ నాన్నా నేనూ రక్తం పంచుకు పుట్టినవాళ్లం. కేసు వెనక్కి తీసుకో. నీకేం కావాలన్నా ఇస్తాడు."

"ఆ రోజు మా అమ్మ కోర్టు మెట్ల మీద మీ చేతులు పట్టుకుంది. గుర్తుందా? 'వదినా, ఒక్క నిజం చెప్పు, నా కొడుకు బయటికొస్తాడు' అంది. మీరు చేతులు విదిలించుకుని కారెక్కారు. ఆ తర్వాత ఆవిడ ఎన్నాళ్లో బతకలేదు."

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ అన్నయ్యని చిన్నప్పుడు నేనే పెంచానే. వాడు తప్పు చేశాడనుకున్నా. నా కొడుకు, 'అమ్మా, నేను అక్కడ లేను, దారిలో ఉన్నాను, దారిలో ఉన్నానంటే ఎవరూ నమ్మరు, రాత్రే వచ్చానని చెప్పు' అన్నాడు. అంతే. వాడు అక్కడ లేడు. వాడు నాకు అబద్ధం చెప్పడు."

నేను హెడ్‌ఫోన్స్ తీసి ఆవిడ చెవులకి పెట్టాను. మీట నొక్కాను.

నాకు వినపడలేదు. వినక్కర్లేదు, ప్రతి మాట మధ్య ఊపిరి కూడా నాకు తెలుసు. ఆవిడ ముఖం చూస్తూ కూర్చున్నాను. మొదట చిరాకు. మోచెయ్యి దగ్గర కనుబొమలు కలిశాయి. సీసా దగ్గర కళ్లు మూసుకుంది. కొడుకు గొంతు తల్లికి ఎవరూ పరిచయం చేయక్కర్లేదు.

హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టింది.

ఓదార్చవచ్చు. భుజం మీద చెయ్యి వేయవచ్చు. నేను లేచి వెళ్లి మా ఫ్రిజ్ ఆపాను. ఇంటి తాళాలు అందులో పెట్టాను. రికార్డర్ తెచ్చి ఆవిడ ముందు, ఆవిడకి కనపడేలా పెట్టాను.

"ఫ్రిజ్ ఎందుకే ఆపావ్?"

"మీ మాట స్పష్టంగా వినపడాలి అత్తయ్యా."

"నన్ను కూడా జైల్లో వేస్తారా?"

"తెలియదు. వేస్తే మాత్రం నేను అడ్డుపడను."

ఆవిడ నా వైపు చూసింది. కాళ్లకి దండం పెట్టిన ఆ పిల్ల ఎక్కడికి పోయింది అని వెతుకుతున్నట్టు. దొరకలేదు.

"చెప్పండి. ఆ రోజు ఆయన మీ ఇంటికి ఎప్పుడు వచ్చాడు?"

"మధ్యాహ్నం," అంది అత్తయ్య. "భోజనాలు అయిపోయాక వచ్చాడు. చొక్కాకి పిండి అంటుకుని ఉంది. నేనే ఉతికాను."

అదే మాట కోర్టులోనూ చెప్పింది. వయసు చూసి ఆవిడని మందలించి వదిలేశారు. బావని వదల్లేదు.

* * *

అన్నయ్య బయటికి వచ్చాడు. సన్నబడ్డాడు, జుట్టు తెల్లబడింది. మా ఇంట్లో మొదటి ఆదివారం నేనే పిండి, వెన్న, గుడ్లు తెచ్చి పెట్టాను. కొత్త గాజు సీసా నిండా గింజలు పోసి ఇచ్చాను. పిండి కలుపుతుంటే చేతులు పాత చేతులే. గిన్నెలు ఓవెన్‌లోకి వెళ్లాయి. నేను బల్లమీద కూర్చుని కాళ్లు ఊపుతూ అడిగాను.

"చెప్పు అన్నయ్యా. కీష్ అన్న మాట ఎలా పుట్టింది?"

ఓవెన్ అద్దంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"కూఖెన్ అని జర్మన్ మాటే," అన్నాడు. "కేకు అని అర్థం."

ఇంకేమైనా వస్తుందేమోనని ఎదురుచూశాను. గిన్నెలు కాలేదాకా ఆ గదిలో ఓవెన్ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

ఆ వారమే జైలుకి వెళ్లాను. గాజు తెర అవతల బావ కూర్చున్నాడు. నన్ను చూసి అదిరిపడ్డాడు. ఆయన భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. అత్తయ్య మంచం పట్టింది. చూడ్డానికి వచ్చేవాళ్లు ఎవరూ లేరని లోపలికి పంపిన గార్డే చెప్పాడు.

"ఎందుకొచ్చావ్?" అన్నాడు ఫోనులోంచి. "ఇంకా ఏం మిగిలింది?"

"మా అన్నయ్య కథలు మానేశాడు. లోపల ఎక్కడో పారేసుకుని వచ్చాడు. నువ్వు వెతికిపెట్టాలి."

"అంటే?"

"ప్రతి నెలా వస్తాను. నీకు ఇష్టమైన సబ్బు, మందులు, పిల్లల కబుర్లు, ఏం కావాలంటే అవి తెస్తాను. నెలకొక కథ చెప్పు. కీష్ అన్న మాట ఎలా పుట్టిందో. కొత్తది, నీ సొంతది. ఎవరి దగ్గరా విన్నది కాకూడదు. వింటే నాకు తెలిసిపోతుంది, నా చెవుల సంగతి తెలుసుగా."

"చెప్పకపోతే?"

"రాను."

బావ ఫోను పట్టుకున్న చెయ్యి మార్చాడు. అటూ ఇటూ చూశాడు. అవతల వరసలో ఎవరో భార్యాభర్తలు తెర మీద అరచేతులు ఆనించుకుని ఉన్నారు. చాలాసేపు వాళ్లనే చూశాడు. పెదాలు చప్పరించాడు.

"ఒక ఊళ్లో," అన్నాడు. "ఒక ఊళ్లో ఒక రాజు..."

"రాజు అయిపోయాడు బావా."

"ఒక... ఒక వంటవాడు..."

"వంటవాడూ అయిపోయాడు."

ఇన్నేళ్లూ అన్నయ్య నోటితో, అన్నయ్య చేతులతో బతికిన మనిషి, ఒక్క అబద్ధం, తనదైన ఒక్క చిన్న అబద్ధం కోసం తడుముకుంటున్నాడు. నేను ఫోను చెవికి గట్టిగా ఆనించి విన్నాను. ఊపిరి తప్ప ఏమీ లేదు.

ఫోను పెట్టేసి లేచాను. తెర అవతల ఆయన పెదాలు కదులుతున్నాయి. ఆగమంటున్నాడు.

వచ్చే నెల చూద్దామని చెయ్యి ఊపి బయటికి వచ్చేశాను.